‘యుద్ధము–శాంతి’: పేర్లు కాదు, వరసలు రాసుకోవాలె

టాల్‌స్టాయ్ ‘యుద్ధము–శాంతి’ మొదలుపెట్టి పక్కన పెట్టేసినవాళ్లలో చాలామంది ఆగేది మొదటి యాభై పేజీల్లోనే. 1805 జులై, పీటర్స్‌బర్గ్, ఆన్నా పావ్లొవ్నా షేరర్ ఇంట్లో సాయంత్రపు విందు. తలుపు తెరిచినకొద్దీ మనుషులు వస్తనే ఉంటరు. జెనోవా అంటరు, నెపోలియన్ అంటరు, మధ్యమధ్యలో ఫ్రెంచి దొర్లుతుంటది. ఎవరు ఎవరికి ఏమైతరో తెలవకముందే ఇంకో ఇద్దరు లోపలికి అడుగుపెడతరు. పదో పేరు దాటేసరికి చదివేవాళ్లకు పట్టు తప్పుతది. ఇది మనకు అందే పుస్తకం కాదనుకొని మూసేస్తరు.

నిజానికి ఈ నవలలో వాక్యం కష్టం కాదు. అధ్యాయాలు చిన్నవి, సగటున మూడు నాలుగు పేజీలు. ఒక్కో సన్నివేశం కండ్ల ముందు నిలబడ్డట్టు ఉంటది. కష్టమంతా జనంతోటి. ఐదు వందలకు పైగా మనుషులు, పదిహేనేండ్ల కథ, ఒక్కొక్కరికి మూడు నాలుగు పిలుపులు.

జనంతోటి వచ్చే కష్టానికి మన దగ్గర పాత ఉపాయమే ఉంది. దేవరకొండ దిక్కో మిర్యాలగూడ దిక్కో పెద్ద పెండ్లికి పోయినప్పుడు ఎవరినీ ముందుగాల పేరు అడగం. “పిల్ల తరఫా, పిలగాని తరఫా?” అంటం. “మీరేమైతరు వాళ్లకు?” అంటం. పెండ్లికొడుకు పెద్దమ్మ కోడలు అని తెలిసిందంటే ఆ మనిషికి మన మనసులో ఒక పీట పడ్డట్టే. పేరు ఆ తర్వాత దానంతట అదే వస్తది. రాకపోయినా కొంప మునగదు. ఈ నవల చదవాల్సిన పద్ధతి అచ్చంగ ఇదే. పేర్ల జాబితా రాసుకుంటూ పోయినవాళ్లు నలభయ్యో పేరు కాడ అలిసిపోతరు. వరసలు రాసుకున్నవాళ్లు చివరిదాకా పోతరు.

పొడుగు నోట్‌బుక్‌లో ఎదురెదురుగ ఉన్న రెండు పేజీలు తీసుకోండి. ఐదు ఇండ్లకు ఐదు గళ్లు గీయండి. రొస్తోవ్‌లది మాస్కో ఇల్లు: పెద్దాయన కౌంట్ ఇల్యా (కౌంట్ అన్నది బిరుదు), ఆయన భార్య, పిల్లలు వేరా, నికొలాయ్, నతాషా, పేత్యా, వాళ్లతోపాటే పెరిగే తల్లిదండ్రులు లేని బంధువుల పిల్ల సోన్యా. బొల్కొన్‌స్కీలది లీసియె గోరి అనే పల్లెలో దొర గడి లాంటి ఇల్లు: ముసలి ప్రిన్స్ నికొలాయ్, కొడుకు ఆంద్రేయ్, బిడ్డ మార్యా, కడుపుతోటి ఉన్న కోడలు లీసా. కురాగిన్‌లు దర్బారు మనుషులు: తండ్రి వసీలీ, కొడుకులు ఇప్పొలీత్, అనతోల్, బిడ్డ ఎలెన్. బెజూఖోవ్ అంటే మంచం పట్టిన ముసలి కౌంట్, ఆయనకు పెండ్లి బయట పుట్టిన పియేర్. ద్రుబెత్స్‌కోయ్‌లు తల్లీకొడుకులు ఇద్దరే: ఆన్నా మిఖాయ్లొవ్నా, బోరిస్. మొదటి వారం ఇంతకంటే ఎక్కువ రాయొద్దు. దొలొఖోవ్, దెనీసోవ్, బెర్గ్ లాంటివాళ్లు వచ్చినప్పుడు వాళ్లను ఏ ఇంటి గడప దగ్గర చూసిన్రో ఆ గడి పక్కన చేర్చాలె. దెనీసోవ్ రొస్తోవ్ గడి పక్కన, ఎందుకంటే నికొలాయ్ పటాలంలో దోస్తు. ప్రతి గడిలో కొంత జాగా ఖాళీగ వదిలిపెట్టాలె. పెండ్లిళ్లు అయితయి, పిల్లలు పుడతరు, ఒక ఇంటి గీత ఇంకో ఇంట్లోకి పోతది.

వరస పక్కన ఇంకొక్కటి రాసుకోండి: ఒంటి గుర్తు. టాల్‌స్టాయ్ దాదాపు ప్రతి మనిషికి ఒక గుర్తు పెట్టి, ఆ మనిషి వచ్చినప్పుడల్లా దాన్నే మళ్లా చూపిస్తడు. లీసాకు పొట్టి పైపెదవి, దాని మీద సన్నటి నూగు. మార్యాకు బరువైన అడుగు, వెలుగు నిండిన పెద్ద కండ్లు. ఎలెన్‌కు తెల్లటి భుజాలు, ఎవరిని చూసినా మారని ఒకటే నవ్వు. పియేర్‌కు భారీ ఒళ్లు, కండ్లద్దాలు. స్పెరాన్‌స్కీ అనే మంత్రికి తెల్లటి మెత్తటి చేతులు. నెపోలియన్‌కు ఎడమ పిక్క అదురుతది. ఊర్లో మనిషిని నడకను బట్టి దూరంనుంచే గుర్తుపట్టినట్టు, ఈ గుర్తులు తెలిస్తే పేరు మర్చిపోయినా మనిషి దొరుకుతడు. లీసా పెదవి గుర్తును అయితే అసలు వదిలిపెట్టొద్దు. ఆమె పోయినంక అది ఇంకోచోట, ఆమె కొడుకు ముఖంలో కనబడుతది. గుర్తు రాసుకోనివాళ్లకు ఆ వాక్యం ఉత్త వర్ణనలెక్క దాటిపోతది.

ఇక పేరు సంగతి. రష్యన్ పేరుకు మూడు ముక్కలు: సొంత పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు. నడిమి ముక్కకు మగవాళ్లయితే చివర ఓవిచ్, ఎవిచ్ అని వస్తది, ఆడవాళ్లయితే ఓవ్నా, ఎవ్నా అని. ఆంద్రేయ్ నికొలాయెవిచ్ అంటే నికొలాయ్ కొడుకు ఆంద్రేయ్. మార్యా నికొలాయెవ్నా అంటే నికొలాయ్ బిడ్డ మార్యా. “మల్లయ్య కొడుకు నర్సింహ” అని మనం చెప్పేదాన్ని వాళ్లు పేరులోనే కుట్టి పెట్టిన్రు. కాబట్టి తెలవని పేరు ఎదురైతే నడిమి ముక్క మీద చూపు పెట్టండి, వరస అక్కడనే ఉంటది. ఇంటిపేరు లేకుండ మొదటి రెండు ముక్కలు కలిపి పిలిచిన్రంటే అది మర్యాద, మన “గారు” అన్నట్టు. ఆడవాళ్లకు ఇంటిపేరు చివర కూడ మారుతది: రొస్తోవ్ ఆడబిడ్డ రొస్తోవా, బొల్కొన్‌స్కీ ఆడబిడ్డ బొల్కొన్‌స్కాయా. అది వేరే కుటుంబం అనుకోవద్దు.

ముద్దుపేర్లు ఇంకో మెలిక. నతాల్యా అయితే నతాషా, సోఫ్యా అయితే సోన్యా, నికొలాయ్ అయితే నికోలెంకా. వీటి మీద ఫ్రెంచి పిలుపులు: యెలేనా ఎలెన్ అయింది, మార్యా మారీ అయింది. పియేర్ అసలు పేరు ప్యోతర్. పేత్యా అసలు పేరు కూడ ప్యోతరే. ఒక పేరుకు ఒకటి ఫ్రెంచి రూపం, ఇంకొకటి రష్యన్ ముద్దుపేరు. నికొలాయ్‌లు ముగ్గురు ఉన్నరు: ముసలి బొల్కొన్‌స్కీ, రొస్తోవ్ ఇంటి కొడుకు, తర్వాత పుట్టే ఆంద్రేయ్ కొడుకు. నతాషా తల్లి పేరు కూడ నతాల్యానే. ఆన్నాలు ఇద్దరు: విందు ఇచ్చినామె పావ్లొవ్నా, బోరిస్ తల్లి మిఖాయ్లొవ్నా. మాస్కోలో మార్యా ద్మిత్రియెవ్నా అని గొంతు పెద్దది చేసి అందరినీ దబాయించే పెద్దామె ఉంటది, ఆమెకూ బొల్కొన్‌స్కీ మార్యాకూ చుట్టరికం లేదు. ఈ ఐదు చోట్ల మాత్రం ఎర్ర పెన్నుతోటి గీత గీసిపెట్టుకుంటే పేర్ల గోస దాదాపు తీరినట్టే.

ఫ్రెంచిని చూసి మనవాళ్లు బెదరాల్సిన పనిలేదు. అసలు మనకే అది బాగ అర్థం కావాలె. రష్యన్ పెద్ద ఇండ్లలో ఫ్రెంచి ఎట్లనో, నిజాం రాజ్యంలో కచేరీకి, కోర్టుకు, పై చదువుకు ఉర్దూ అట్లనే. 1921లో హైదరాబాద్ సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలి చేసిన్రు, ఆ రాత్రే ఆంధ్ర జన సంఘానికి బీజం పడ్డది. ఒక భాష గొప్పింటి గుర్తు అయినప్పుడు ఇంటి భాష ఎట్ల చిన్నబోతదో ఈ నేలకు ఎరుకే. కాబట్టి ఫ్రెంచి ముక్క వచ్చినప్పుడు దాని అర్థం కోసం అడుగున వెతికేకంటే, ఎవరు ఎవరితోటి ఏ సందర్భంలో ఆ భాషలోకి మారుతున్నరో గమనించండి. అబద్ధం ఆడాల్సినప్పుడు, పెద్దరికం చూపించాల్సినప్పుడు, నౌకర్లకు తెలవొద్దనుకున్నప్పుడు భాష మారుతది. 1812లో నెపోలియన్ మీదికి వచ్చినంక మాస్కో విందుల్లో ఫ్రెంచి మాటకు జరిమానా పెట్టుకుంటరు. అలవాటు పోక జరిమానాలు కట్టుకుంటనే ఉంటరు. మొదటి విందును గమనించి చదివినవాళ్లకే ఆ చోటు పూర్తిగ అందుతది.

ఇంతదాకా వరస దారి చూపించింది. అయితే మన వరసల లెక్క పనిచేయని చోట్లు కూడ ఉన్నయి. నా లెక్కన నవల ముడి ఉన్నది ఆ చోట్లనే.

ముందు చిన్నది. ప్రిన్స్ అని ఉంటే రాజు కొడుకు అనుకోవద్దు. రష్యన్‌లో అది వంశంతోటి వచ్చే బిరుదు. ముసలి బొల్కొన్‌స్కీని “రాకుమారుడు” అని ఊహించుకుంటే ఆ మనిషి చెడిపోతడు. లేత్ మిషన్ ముందు కూర్చొని చెక్క చెక్కే, బిడ్డకు రేఖాగణితం చెప్పి ఏడిపించే పల్లె దొర ఆయన. ఆస్తిని వాళ్లు భూమితోటి కాదు, “ఆత్మల” తోటి లెక్కపెడతరు, అంటే ఆ భూమికి కట్టుబడ్డ మగ బానిస రైతుల సంఖ్యతోటి. వెట్టిని ఎరిగిన మన నల్లగొండ జిల్లాలో ఈ మాటకు వివరణ అక్కర్లేదు. రష్యాలో ఆ వ్యవస్థ రద్దయింది 1861లో. టాల్‌స్టాయ్ ఈ నవల మొదలుపెట్టింది 1863లో. ఎవరి నడుమ కూర్చొని రాసిండో గుర్తుపెట్టుకొని చదవాలె.

ముసలి బెజూఖోవ్ చావు మనకు సులువుగనే అందుతది. అది విరాసత్ పంచాయితి. వీలునామా రాయకపోతే ఆస్తి వసీలీ భార్యకు, కౌంట్ చుట్టాలైన మమొంతోవ్ అక్కచెల్లెండ్లు ముగ్గురికి పోతది. రాసి, పియేర్‌ను సొంత కొడుకుగ గుర్తించమని చక్రవర్తికి పెట్టుకున్న అర్జీ కూడ ఉంటే మొత్తం పియేర్‌దే. మనిషి పక్క గదిలో ఊపిరి విడుస్తుంటే ఇద్దరు ఆడవాళ్లు కాగితాల సంచి కోసం గుంజులాడుతుంటరు. పట్టాదార్ పాస్‌బుక్ చుట్టూ జరిగేవి చూసిన కండ్లకు ఈ అధ్యాయాలు కొత్తవి కావు. పియేర్‌కే ఏం జరుగుతున్నదో తెలవదు. చదివేవాళ్లకు కూడ తెలవకుండ పోయే ప్రమాదం అక్కడనే ఉంది. అందుకే పై రెండు షరతులు నోట్‌బుక్‌లో బెజూఖోవ్ గడి కింద రాసుకోండి.

అసలు ముడి పెండ్లిళ్ల దగ్గర. సోన్యా, నికొలాయ్ చిన్నప్పటినుంచి ఒకరినొకరు ఇష్టపడతరు. దగ్గరి చుట్టరికం, ఒకే ఇంట్లో పెరిగిన్రు. మన మనసు వెంటనే “మేనరికమే కదా, ఇంకేంది అడ్డం” అంటది. వాళ్ల దగ్గర చుట్టరికమే అడ్డం. చర్చి పెద్ద అనుమతి తెచ్చుకోవాలె. సోన్యా మొదట్లోనే ఆ మాట చెప్పుకొని ఏడుస్తది. దానికి తోడు ఆమెకు కట్నం లేదు, రొస్తోవ్ ఇల్లేమో అప్పుల్లో కూరుకుపోతుంటది.

రెండోది ఇంకా లోతైనది. ఒక ఇంటి పిల్లను ఇచ్చి ఆ ఇంటి పిల్లను తెచ్చుకునే కుండమార్పిడి పెండ్లి మన దగ్గర మామూలు. రష్యన్ చర్చి దాన్ని ఒప్పుకోదు. నతాషా ఆంద్రేయ్‌ను చేసుకుంటే, నతాషా అన్న నికొలాయ్ ఆంద్రేయ్ చెల్లె మార్యాను చేసుకునే వీలు లేదు. ఈ ఒక్క నియమం తెలవకపోతే నాలుగో సంపుటంలో సోన్యా రాసే ఉత్తరం తప్పుగ అర్థమైతది. నికొలాయ్‌ని విడిచిపెట్టు, మార్యాను చేసుకుంటే ఇల్లు నిలబడుతదని పెద్ద కౌంటెస్ ఆమెను బతిలాడుతది. సోన్యాకు మనసొప్పది. అదే సమయంలో గాయపడ్డ ఆంద్రేయ్ నతాషాకు మళ్లా దగ్గరైతడు. ఆంద్రేయ్ బతికి నతాషాను చేసుకుంటే నికొలాయ్–మార్యా పెండ్లి దానంతట అదే ఆగిపోతదని సోన్యాకు తడుతది. అప్పుడు కూర్చొని, నీకు నా దిక్కునుంచి ఏ కట్టుబాటు లేదు అని నికొలాయ్‌కి రాస్తది. ఆంద్రేయ్ బతకడు. ఉత్తరం మాత్రం ఉండిపోతది. ఇది ఉత్త త్యాగం కాదు, ఉత్త ఎత్తు కూడ కాదు. రెండూ ఒకే గుండెలో ఒకే గడియలో ఉన్నయి. “సోన్యా త్యాగమూర్తి” అని ఒక్క ముక్కలో తేల్చేసే పరిచయాలు ఆ చర్చి నియమాన్ని గమనించక రాసినవి. అందుకే వరసల పేజీ అడుగున “కుండమార్పిడి కుదరదు” అని పెద్ద అక్షరాలతోటి రాసి పెట్టుకోండి.

పుస్తకం ప్రతి ఎంచుకునేటప్పుడు ఏం చూడాలె? మొదట అది పూర్తి ప్రతేనా అన్నది. నవల నాలుగు సంపుటాలు, ఆఖర్న ఉపసంహారం. సంపుటాల్లో భాగాలు వరసగ 3, 5, 3, 4, ఉపసంహారంలో 2. మొత్తం అధ్యాయాలు 361. తెలుగైనా ఇంగ్లిషైనా విషయసూచికలో ఈ లెక్క చూడండి. రెండో సంపుటంలో ఐదు భాగాలు లేకపోయినా, ఉపసంహారం రెండో భాగంలో 12 అధ్యాయాలు లేకపోయినా అది కుదించిన ప్రతి అని అనుమానించాలె. కుదించిన ప్రతుల్లో సాధారణంగ పోయేవి యుద్ధపు అధ్యాయాలు, చరిత్ర చర్చలు. కథ తెలుస్తది, పుస్తకం తెలవదు. కొన్ని ఇంగ్లిష్ ముద్రణలు నాలుగు సంపుటాలను 15 పుస్తకాలు, రెండు ఉపసంహారాలుగ విడగొడతయి. తప్పేమీ లేదు గానీ, ఇద్దరు కలిసి చదివేటప్పుడు అధ్యాయం నంబర్లు కలవవు, ముందే సరిచూసుకోవాలె.

తెలుగుతోపాటు ఇంగ్లిష్ ప్రతి పక్కన పెట్టుకునేవాళ్లకు: మాడ్ దంపతుల అనువాదం ఉచితంగ దొరుకుతది, చదవడానికి హాయిగ ఉంటది. కాకపోతే దాని పాత ప్రతుల్లో ఆంద్రేయ్‌ని ఆండ్రూ అని, నికొలాయ్‌ని నికొలస్ అని, మార్యాను మేరీ అని ఇంగ్లిష్‌లోకి మార్చిన్రు. పివియర్, వొలఖోన్‌స్కీల 2007 అనువాదంలో ఫ్రెంచిని అట్లనే ఉంచి అడుగున అర్థం ఇచ్చిన్రు. ఫోన్‌లో చదివేవాళ్లకు ఆ అడుగు సూచికలు చికాకు పెడతయి, కాగితం ప్రతి అయితే నయం.

రోజుకు మూడు అధ్యాయాలు చాలు. ముప్పై నలభై నిమిషాల పని. అట్ల 120 రోజులు, అంటే దసరాకు మొదలుపెడితే మాఘంలో చెర్వుగట్టు జాతర నాటికి అయిపోతది. చలికాలం రాత్రుళ్లు పొడుగు కాబట్టి ఇంతకంటే మంచి కాలం లేదు. ఒక్కరోజే యాభై పేజీలు లాగి వారం రోజులు ముట్టకుండ ఉండే పద్ధతి ఈ పుస్తకానికి అసలే పనికిరాదు. మధ్యలో వారం ఖాళీ వస్తే వరసలు చెదిరిపోతయి. బస్సులో చదివేటట్టయితే ఒక్క బొత్తి ఉన్న పెద్ద ప్రతి కంటే రెండు మూడు భాగాలుగ విడిగ కుట్టిన ప్రతి కొనాలె. పన్నెండు వందల పేజీల బరువు ఒక్క చేతిలో ఆగదు, ఆగినా అట్ట నడుమ విరుగుతది.

తారీఖులు చూసుకుంటూ పోయేవాళ్లు ఒక్కచోట తడబడతరు. రష్యా అప్పట్లో పాత క్యాలెండర్ వాడేది, యూరప్ లెక్కకు 12 రోజులు వెనుక. ఆస్టర్‌లిట్జ్ యుద్ధం రష్యన్ లెక్కలో 1805 నవంబర్ 20, యూరప్ లెక్కలో డిసెంబర్ 2. బొరొదినో 1812 ఆగస్టు 26, లేదా సెప్టెంబర్ 7. పండుగ తిథికీ ఇంగ్లిష్ తారీఖుకూ తేడా పెట్టుకొని బతికేవాళ్లం, మనకు ఇది కొత్త కాదు. ఇంకొకటి గమనించండి. మొదటి సంపుటంలో రొస్తోవ్ ఇంట్లో నతాషా, ఆమె తల్లి పేరింటి పండుగ, సెయింట్ నతాల్యా రోజు. అది ఆగస్టు 26. ఏడేండ్లకు సరిగ్గా అదే తారీఖున బొరొదినోలో వేలకు వేలమంది చచ్చిపోతరు. టాల్‌స్టాయ్ ఆ రెంటినీ కలిపి ఒక్క మాట అనడు.

నికొలాయ్ పేకాటలో 43 వేల రూబుళ్లు పోగొట్టుకునే అధ్యాయం చాలామందికి మసకగ ఉంటది, ఆట తెలవక. అది మన లోపల–బయట ఆటకు దగ్గరి చుట్టం. ఆడేవాడు ఒక ముక్క ఎంచుకొని పందెం కాస్తడు. పంచేవాడు కట్టలోంచి ఒకటి కుడికి, ఒకటి ఎడమకు వేస్తుంటడు. ఆ ముక్క ఏ పక్క పడిందో దాన్ని బట్టి గెలుపు. ముక్క మూల మడిస్తే పందెం రెట్టింపు. ఇక్కడ పంచేవాడు దొలొఖోవ్. సోన్యాను అడిగి కాదనిపించుకున్న మనిషి. లెక్క 43 వేలకు చేరేదాకా ఆపొద్దని ముందే అనుకుంటడు, ఎందుకంటే తన వయసూ సోన్యా వయసూ కలిపితే 43. తండ్రి అంతకుముందే రెండు వేలు చేతిలో పెట్టి ఇంతకంటే ఇయ్యలేనని చెప్పి ఉంటడు. ఈ మూడూ తెలిసి చదివితే గుండె దడ పుడతది. ఆ రాత్రి ఇంటికి పోయినంక నతాషా పాట విని ఒక్క క్షణం అప్పు, అవమానం అన్నీ మర్చిపోయే చోటు ఈ నవలలో నాకు అన్నిటికంటే ఇష్టమైన పేజీ.

యుద్ధపు అధ్యాయాలు వచ్చినప్పుడు ఆగిపోయే రెండో గుంపు ఉంటది. వాళ్లు చేసే తప్పు ఏందంటే, ఏ పటాలం ఎటు పోయిందో మొత్తం పట్టుకోవాలని చూస్తరు. అది కుదరదు. కుదరొద్దనే రాసిండు. టాల్‌స్టాయ్ క్రిమియా యుద్ధంలో సెవస్తొపోల్‌లో స్వయంగ ఉన్న మనిషి. లోపల ఉన్నవాళ్లకు యుద్ధం ఎట్ల కనబడుతదో అట్లనే చూపిస్తడు: పొగ, అరుపు, పక్కోని ముఖం. కాబట్టి ఒక్క మనిషి వెనుకే నడవండి. షోన్‌గ్రాబెన్‌లో తూషిన్ అనే చిన్న కెప్టెన్, నాలుగు ఫిరంగులతోటి నడుమ నిలబడి, అందరూ మరిచిపోయినా కాలుస్తనే ఉంటడు. ఆస్టర్‌లిట్జ్‌లో ఆంద్రేయ్. బొరొదినోలో తెల్ల టోపీ పెట్టుకొని ఫిరంగుల నడుమ తిరిగే పియేర్. ఒక్కో యుద్ధానికి మూడు సంగతులు రాసుకుంటే చాలు: శత్రువు ఏ దిక్కునుంచి వస్తున్నడు, మన మనిషి ఎక్కడ నిలబడ్డడు, పొద్దుగూకేసరికి ఎక్కడ తేలిండు. వెర్స్టు అంటే కిలోమీటరు కంటే కొంచెం ఎక్కువ, కిలోమీటరే అనుకొని చదివినా నష్టం లేదు. బొరొదినోకు మాత్రం నవలలోనే ఒక పటం ఉంటది, మీ ప్రతిలో ఉందో లేదో చూసుకోండి.

1946 నుంచి 1951 దాకా సాయుధ పోరాటం నడిచిన ఊర్లలో పెద్దమనుషులు ఆ కాలం గురించి చెప్పే తీరు గుర్తుకు తెచ్చుకుంటే ఈ అధ్యాయాలు ఇంకా తేటగ అందుతయి. వాళ్ల మాటలో తారీఖులుండవు, నాయకుల తీర్మానాలుండవు. ఏ గడ్డివాము వెనుక దాక్కున్నరో, ఏ బాయికాడ కుక్క మొరిగిందో, అన్నం సద్ది ఎవరు మోసిన్రో ఉంటది. చరిత్ర పుస్తకంలో ఒక పేరాలో అయిపోయేది అక్కడ రాత్రంత పొడుగు ఉంటది. టాల్‌స్టాయ్ వాదన కూడ ఇదే. బొరొదినోనాడు నెపోలియన్‌కు జలుబు చేసింది కాబట్టి రష్యా బతికిందని రాసిన చరిత్రకారుల మీద ఆయన ఒక అధ్యాయమంత కోపం చూపిస్తడు.

మూడో సంపుటం రెండో భాగంలో బొగుచారొవో ఘట్టం కాడ మాత్రం మెల్లగ చదవండి. ముసలి ప్రిన్స్ పోయిండు, ఫ్రెంచి సైన్యం దగ్గరికొచ్చింది, మార్యా ఊరు విడిచిపోవాలె. రైతులు గుర్రాలూ బండ్లూ మేం ఇయ్యం అంటరు. గడి గోదాములో ధాన్యం పంచుతనన్నా వద్దంటరు. ఊరి పెద్ద ద్రోన్ అటు గుమాస్తాకూ ఇటు జనానికీ నడుమ నలుగుతుంటడు, పటేల్ మనిషి తిప్పలు అతనివి. అప్పుడు నికొలాయ్ గుర్రం మీద వచ్చి, ఎదురు మాట్లాడిన ఒకరిద్దరిని కొట్టి, కట్టేయించి, బండ్లు కట్టిస్తడు. కథ దిక్కునుంచి చూస్తే నికొలాయ్, మార్యా మొదటిసారి కలిసే ఘట్టం ఇది. ఆమెను కాపాడిన వీరుడు. రచయిత చూపు కూడ ఎక్కువగ గడి లోపలినుంచే ఉంటది. నల్లగొండలో కూర్చొని చదివేవాళ్లకు మాత్రం గడి బయట నిలబడ్డ ఆ జనం కనబడాలె. టాల్‌స్టాయ్ వాళ్లను పూర్తిగ మూగవాళ్లను చేయలేదు. ఇరవై ఏండ్ల కింద “వెచ్చటి నదుల” దేశం ఉందని నమ్మి, ఉన్నది అమ్ముకొని కుటుంబాలకు కుటుంబాలే బయల్దేరిన సంగతి, దానికి పడ్డ శిక్షల సంగతి అక్కడనే చెప్తడు. ఆ పేరాను రెండుసార్లు చదవండి. బండ్లు ఎందుకు ఇయ్యం అన్నరో అందులో ఉంది. రచయితతోటి వాదం పెట్టుకుంటూ చదవడం తప్పు కాదు, ఈ ఘట్టంలో అయితే అది అవసరం కూడ.

రెండో సంపుటంలో పియేర్ ఫ్రీమేసన్లు అనే రహస్య సంఘంలో చేరే అధ్యాయాలు కొంచెం వేగంగ చదువుకోవచ్చు. కండ్లకు గంతలు, కత్తులు, గురువుల ప్రశ్నలు. పియేర్ ఆకలి అర్థమైతే చాలు.

మూడో సంపుటంనుంచి చరిత్ర చర్చలు మొదలైతయి. ఇంటర్‌లో ఎంపీసీ చదివినవాళ్లకు ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. మూడో భాగం మొదట్లో టాల్‌స్టాయ్ ఎంత ఉరికినా తాబేలును అందుకోలేడనే అకిలీజ్ కథ ఎత్తుకుంటడు, ఆ వెంటనే అవకలనం, సమాకలనం మాట తెస్తడు. చరిత్రను రాజులూ సేనాపతులూ అనే పెద్ద ముక్కలుగ కోస్తే నడక దొరకదు, ఒక్కో మనిషి కోరిక అనే అతి సూక్ష్మమైన ముక్కను తీసుకొని వాటన్నిటి మొత్తం కట్టాలె అంటడు. వక్రరేఖ కింద వైశాల్యం కనుక్కున్న పద్ధతి గుర్తుంటే ఈ వాదం ఇట్టే అందుతది. ఐదు వందల మంది మనుషులు ఈ నవలలో ఎందుకున్నరో కూడ అప్పుడే తెలుస్తది, ఆ మొత్తం కట్టే పని కోసమే ఆ జనమంత.

ఉపసంహారం రెండో భాగంలో పాత్రలు లేరు, పన్నెండు అధ్యాయాలూ వాదమే. దాన్ని కథ ఊపులో చదవొద్దు. వారం ఆగి, విడి వ్యాసంలెక్క రోజుకు రెండు అధ్యాయాలు చదవండి. 1873 ముద్రణలో టాల్‌స్టాయే ఈ చర్చలను నవలలోంచి తీసి వెనుక అనుబంధంగ వేసిండు, ఫ్రెంచిని కూడ రష్యన్‌లోకి మార్చిండు. తర్వాతి ముద్రణల్లో మళ్లా పాత చోటుకు వచ్చినయి. అంటే విడిగ చదివినా పుస్తకానికి అన్యాయం చేసినట్టు కాదు. వదిలేస్తే మాత్రం చేసినట్టే.

కథ అయిపోయేది ఉపసంహారం మొదటి భాగంలో, 1820 డిసెంబర్ 5 రాత్రి. లీసియె గోరి గడిలో అందరూ ఒక్క కప్పు కింద ఉంటరు. వరసల పేజీని అప్పుడు బయటికి తీసి చివరి గీతలు గీయండి. ఆంద్రేయ్ కొడుకు నికోలెంకాకు పదిహేనేండ్లు. మార్యా పెద్ద కొడుకుకు మేనమామ పేరు, ఆంద్ర్యూషా. నతాషా చంటోనికి యుద్ధంలో పోయిన తమ్ముని పేరు, పేత్యా. నికొలాయ్ పగటిపూట సోఫా మీద ఒరిగి పడుకుంటే, నల్లకండ్ల మూడేండ్ల పిల్ల ఒకతె ధైర్యంగ లోపలికి వచ్చి తండ్రి చేతికి ముద్దు పెడతది. ఆమె పేరు నతాషా.